గొంతు ఆగకపోయినా భయం తగ్గొచ్చు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఖమ్మం జిల్లాలో ఒక ఊరు. నాకు 36 ఏళ్లు, పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా తమ్ముడికి 31. డిగ్రీ చివరి ఏడాదిలో జబ్బు బయటపడింది, స్కిజోఫ్రేనియా అన్నారు. మొదట రిస్పెరిడోన్, తర్వాత ఒలాంజపిన్ వాడారు. ఏడాదిగా క్లోజపిన్ వేస్తున్నాం. రాత్రంతా తిరగడం, వస్తువులు విసరడం పోయాయి కానీ చెవిలో మాటలు పోలేదు. ఎవరో ఇద్దరు మగవాళ్లు "వీడు దేనికీ పనికిరాడు, బయటికి రానీ చూద్దాం" అంటారట. చనిపోయిన మా తాతయ్య గొంతు కూడా వినిపిస్తుందట. ఆయన మాత్రం "స్నానం చెయ్యరా, అన్నం తినరా" అంటారట. అమ్మ గాలి సోకిందంటుంది. నాన్న ఇదంతా బద్ధకమని రోజూ తిడతారు. తమ్ముడు కిటికీ మూసుకుని, బీడీలు కాల్చుకుంటూ గదిలోనే ఉంటాడు. ఇంగ్లాండ్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు, అక్కడ ఇలాంటివాళ్లకు మాటలతోనే వైద్యం చేస్తారని, మందులు ఆపేసి కౌన్సెలింగ్ ఇప్పించమని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తున్నాడు. ఇక్కడ డాక్టర్‌ని అడిగితే "ఈ జబ్బుకి మాటలేం పనిచేస్తాయమ్మా" అన్నారు. ఎవరి మాట వినాలి? వాడు మళ్లీ మునుపటిలా మాతో కూర్చుని మాట్లాడతాడా?
– ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి తాతయ్య మాట దగ్గర ఆగిపోయాను. దాని గురించి తర్వాత చెప్తాను. ముందు చెప్పాల్సింది ఒకటుంది. క్లోజపిన్ ఆపకండి. ఇంగ్లాండ్ నుంచి ఎవరు చెప్పినా, ఎంత ప్రేమతో చెప్పినా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే జబ్బు మునుపటికన్నా తీవ్రంగా తిరగబెట్టవచ్చు. ఇంకో విషయం చాలా ఇళ్లల్లో తెలియదు. ఏ కారణం వల్లనైనా ఈ మందు రెండు రోజులు, అంటే 48 గంటలు దాటి మానేస్తే, మూడో రోజు పాత మోతాదు అలాగే వేసేయకూడదు. బీపీ పడిపోయి ప్రమాదం కావచ్చు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే మళ్లీ చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టిస్తారు.

మీ చిన్నాన్న కొడుకు చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. ఇంగ్లాండ్‌లో 2014 నాటి ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల ప్రకారం, ఈ జబ్బున్న ప్రతి ఒక్కరికీ మాటల చికిత్స ఇవ్వజూపాలి. సీబీటీ అంటారు దాన్ని. కనీసం 16 సార్లు, ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలి. ఇంట్లోవాళ్లతో కలిసి ఉంటే వాళ్లకూ కనీసం 10 సార్లు కుటుంబ కౌన్సెలింగ్ ఉండాలి. అయితే ఆ మార్గదర్శకాలే ఇవన్నీ మందులతో పాటు ఇమ్మంటున్నాయి. అతను ఈ సగం వదిలేశాడు. మీ డాక్టర్‌గారు మిగతా సగం వదిలేశారు.

మాటల చికిత్స గురించి మాట్లాడే ముందు మందు సంగతి ఒకసారి సరిచూసుకుందాం. మందు పనిచేయడం లేదని మనం అనుకునే కేసుల్లో కొన్నిటికి మందు సరిపడా ఒంట్లోకి చేరి ఉండదు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మామూలు మందులు సరిగ్గా పనిచేయవు. రెండు వేర్వేరు మందులు, ఒక్కోటి సరైన మోతాదులో కనీసం ఆరు వారాలు, మానకుండా వాడినా ఫలితం లేకపోతేనే ఆ మాట అంటారు. అలాంటివాళ్లకు మిగిలిన గట్టి మందు క్లోజపిన్. 1988లో అమెరికాలో, ఏ మందుకూ లొంగని 268 మంది మీద దీన్ని పాత మందుతో పోల్చి చూశారు. ఆరు వారాల్లో పాత మందు వేసుకున్నవాళ్లలో 4 శాతం మందికి గుణం కనిపిస్తే, క్లోజపిన్ వేసుకున్నవాళ్లలో 30 శాతం మందికి కనిపించింది. చాలా పెద్ద తేడా అది. అయినా 70 శాతం మందికి ఆ ఆరు వారాల్లో చాల్లేదని కూడా అదే లెక్క చెప్తోంది. మీ తమ్ముడికి కొంత పనిచేసింది, కొంత చేయలేదు. ఈ మధ్య దారిలో ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. అతను ఒక్కడే కాడు.

మీరు బీడీల మాట రాశారు చూడండి, అది మీరు అనుకున్నదానికన్నా పెద్ద విషయం. పొగాకు పొగ క్లోజపిన్‌ని ఒంట్లోంచి త్వరగా పంపించేస్తుంది. కారణం నికోటిన్ కాదు, పొగ. రోజుకో కట్ట కాల్చే మనిషికి, అసలు కాల్చని మనిషికి ఒకే మోతాదు ఇస్తే రక్తంలో చేరే మందు చాలా తేడాగా ఉంటుంది. రక్తంలో క్లోజపిన్ ఎంత ఉందో చూసే పరీక్ష ఉంది. మిల్లీలీటరుకు 350 నానోగ్రాములు దాటితే మందుకి పూర్తి అవకాశం ఇచ్చినట్టని సాధారణంగా లెక్క వేస్తారు. ఈ మందు తెల్లకణాలను తగ్గించవచ్చు కాబట్టి చేసే నెలవారీ పరీక్ష వేరు, ఇది వేరు. వచ్చేసారి వెళ్లినప్పుడు "మందు లెవెల్ చూద్దామా డాక్టర్‌గారూ" అని అడగండి. ఇది విని ఇంటికెళ్లి బీడీలు ఒక్కరోజులో మాన్పించకండి. పొగ ఆగితే మందు లెవెల్ పైకి పోతుంది. మత్తు పెరుగుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మాన్పించాలనుకుంటే డాక్టర్‌కి చెప్పి చేయండి. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. మలబద్ధకాన్ని చిన్నదని వదిలేయకూడదు, ఈ మందుతో అది ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. సిగ్గుపడి మగపిల్లలు ఇంట్లో చెప్పరు. మీరే అడగాలి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా గొంతులు మిగిలితే అప్పుడు మాటల వంతు. పక్కనే, ఇప్పటి నుంచే మొదలుపెట్టుకున్నా తప్పులేదు.

ఇక్కడ మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. మీ తమ్ముడిలాంటివాళ్ల మీదే, అంటే క్లోజపిన్ పనిచేయని, లేదా పడని 487 మంది మీద ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌లలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. మాంచెస్టర్, న్యూకాజిల్, సౌతాంప్టన్, గ్లాస్గో, ఎడిన్‌బరోలలో చేశారు, 2018లో ఫలితాలు బయటికొచ్చాయి. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగం మందికి దానితో పాటు తొమ్మిది నెలలు సీబీటీ. తొమ్మిది నెలలు ముగిసేసరికి సీబీటీ తీసుకున్నవాళ్ల పరిస్థితి కొద్దిగా మెరుగ్గా ఉంది. కానీ వాళ్లు అసలు చూడాలనుకున్నది 21 నెలల తర్వాత. అప్పటికి రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

మీ డాక్టర్‌గారు ఆ మాట అనడానికి ఇలాంటి ఫలితాలే కారణమై ఉండవచ్చు. నేను ఆ ఫలితాన్ని తీసిపారేయను. మాటలతో గొంతులు మాయమైపోతాయని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. కానీ ఆ అధ్యయనం ప్రధానంగా కొలిచింది జబ్బు లక్షణాల మొత్తం లెక్కని. భ్రమలు, గొంతులు, ముభావం, దిగులు, టెన్షన్ వగైరా 30 అంశాలకు మార్కులు వేసి కూడిన లెక్క అది. ఇన్నేళ్లుగా ఇలాంటివాళ్లతో కూర్చున్నదాన్ని కాబట్టి నేను చూసేది ఇంకొకటి. గొంతు వినిపించినప్పుడు ఆ మనిషి ఏం చేస్తున్నాడు? నిన్న కిటికీ మూసుకున్నవాడు ఈ రోజు తెరిచాడా? ఆ ఇద్దరు మగవాళ్లు "బయటికి రానీ" అంటున్నా వాకిట్లో పది నిమిషాలు కూర్చున్నాడా? గొంతు ఆగకపోయినా దాని భయం తగ్గితే మనిషి సగం బయటికొచ్చినట్టే. మాటల చికిత్స నుంచి నేను ఆశించేది ఇదే. మీరు కూడా ఇదే ఆశించాలని నా కోరిక. ఆశ ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోతే మూడు నెలలకే "ఇదీ పనిచేయలేదు" అని మానేస్తారు.

లండన్‌లో చేసిన ఇంకో పని నాకు బాగా గుర్తుంటుంది. మందులు వాడుతున్నా గొంతులు వదలని 150 మందిని తీసుకున్నారు. జూలియన్ లెఫ్ అనే సైకియాట్రిస్ట్ ఆలోచన అది. తనను వేధించే గొంతుకి ఒక ముఖం, ఒక స్వరం కంప్యూటర్‌లో తయారుచేసుకోమంటారు. వైద్యుడు పక్క గదిలో కూర్చుని ఆ ముఖం ద్వారా మాట్లాడతాడు. మొదట అది ఎప్పటిలాగే తిడుతుంది. మనిషి ఎదురు తిరిగి మాట్లాడటం నేర్చుకునేకొద్దీ వారం వారం అది వెనక్కి తగ్గుతుంది. ఒక్కోసారి 50 నిమిషాలు, మొత్తం ఆరుసార్లు. మూడు నెలల దగ్గర చూస్తే, మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ల కన్నా వీళ్లకు గొంతుల బాధ బాగా తగ్గింది. ఆరు నెలలకు ఆ తేడా పోయింది. కారణం వీళ్లకు బాధ మళ్లీ పెరగడం కాదు, కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లు కూడా మెరుగవడం. అంటే ఓపికగా కూర్చుని వినే మనిషి దొరకడంలోనే ఏదో ఉందని నాకు అర్థమైంది. ఆ కంప్యూటర్ మీ ఊళ్లో దొరకదు. వినే మనిషిని మాత్రం వెతుక్కోవచ్చు.

గదిలో అసలేం జరుగుతుందో చెప్తాను. కౌన్సెలింగ్ అంటే కూర్చోబెట్టి బుద్ధి చెప్పడమని చాలామంది అనుకుంటారు. "అదంతా నీ భ్రమ నాయనా, ఎవరూ లేరు" అని చెప్పడం చికిత్స అయితే మీ నాన్నగారు ఈపాటికి నయం చేసేసేవారు.

మొదటి నాలుగైదు సార్లు సైకాలజిస్ట్ దాదాపు ఏమీ మార్చడు. అడుగుతాడు, వింటాడు. ఆ ఇద్దరూ ఎప్పుడు ఎక్కువ మాట్లాడతారు? పొద్దున్నా, రాత్రా? నిద్ర సరిగ్గా పట్టని రోజు పెరుగుతాయా? నాన్న అరిచిన రోజు పెరుగుతాయా? ఏ పని చేస్తుంటే తగ్గుతాయి? ఒక నోటుబుక్కులో గీతలు గీసుకోమంటాడు. రెండు వారాలకే కొందరికి తెలుస్తుంది, గొంతులకీ ఒక వేళాపాళా ఉందని. చెప్పాపెట్టకుండా ఊడిపడేదానికన్నా, వస్తుందని ముందే తెలిసినదానికి భయం తక్కువ.

తర్వాత గొంతులను తట్టుకునే ఉపాయాలు. గొంతు వినిపిస్తున్నప్పుడు లోలోపల పాట పాడుకోవడం, పద్యం గట్టిగా చదవడం, పక్కవాళ్లతో మాట కలపడం. మన నోరు, మన మాట పనిలో ఉన్నప్పుడు చాలామందికి ఆ గొంతులు పలచబడతాయి. ఇంకొందరు గొంతుకి వేళ పెడతారు. "ఇప్పుడు కాదు, సాయంత్రం ఆరింటికి రా, పావుగంట వింటాను" అంటారు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ అన్నేళ్లు గొంతు చెప్పినట్టు విన్న మనిషి మొదటిసారి గొంతుకి తను చెప్తున్నాడు. అక్కడే ఏదో మారుతుంది.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. "బయటికి రానీ చూద్దాం" అనే మాటనే తీసుకుందాం. మీ తమ్ముడు దాన్ని నమ్ముతున్నాడు కాబట్టి కిటికీ మూశాడు, గది దాటడం మానేశాడు. ఏమీ జరగలేదు. అతని మనసు ఏమనుకుంటుంది? "కిటికీ మూసుకున్నాను కాబట్టే బతికాను" అనుకుంటుంది. అతను భద్రత కోసం చేసే పనే భయాన్ని బతికిస్తోంది. సైకాలజిస్ట్ దీన్ని వాదించి గెలవడు. "ఇన్నేళ్లుగా అంటున్నారు కదా, ఎప్పుడైనా చేశారా?" అని మెల్లగా అడుగుతాడు. "చేయలేదు, కిటికీ వేసే ఉంది కదా" అంటాడు ఇతను. "అయితే ఒక బెత్తెడు తెరిచి పది నిమిషాలు చూద్దామా? ఏం జరుగుతుందని నువ్వు అనుకుంటున్నావో ముందు రాద్దాం. తర్వాత ఏం జరిగిందో రాద్దాం." ఆ పది నిమిషాలు అయ్యాక కాగితం మీద రెండు మాటలు పక్కపక్కన ఉంటాయి. ఆ రెంటికీ తేడా అతనే చూసుకుంటాడు. తర్వాతి వారం వాకిలి. ఆ తర్వాత వీధి చివరి టీ కొట్టు. ఆ తర్వాత నాన్నతో చేను గట్టు దాకా. ఒక్కో మెట్టుకి నెల పట్టినా కంగారు లేదు. మధ్యలో ఒకరోజు వెనక్కి పోయినా మొత్తం పోయినట్టు కాదు.

ఇది కొత్తగా వచ్చిన పద్ధతి కూడా కాదు. సీబీటీకి పునాది వేసిన ఆరన్ బెక్, ఇలాంటి నమ్మకాలతో సతమతమైన ఒక మనిషితో ఇదే తీరులో పనిచేసి 1952లోనే దాని గురించి రాశాడు. అప్పటికి ఈ జబ్బుకి సరైన మందులే రాలేదు.

ఇప్పుడు తాతయ్య సంగతి. అమ్మగారు గాలి సోకిందని భయపడటం నాకు అర్థమవుతుంది. పోయినవాళ్ల గొంతు ఇంట్లో వినిపిస్తోందంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది. ఆమెతో పోట్లాడకండి. 2015లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పండి. అమెరికాలోని శాన్ మేటియో, ఘనాలోని అక్రా, మన చెన్నై, ఈ మూడు చోట్లా గొంతులు వినిపించే 20 మంది చొప్పున అడిగి తెలుసుకున్నారు. అమెరికాలో చాలామందికి ఆ గొంతులు పరాయివాళ్లవి, కొట్టమనీ నరకమనీ చెప్పేవి. చెన్నైలో చాలామందికి అవి సొంతవాళ్ల గొంతులు. తిట్టేవి కూడా, కానీ ఇంటి పెద్దల్లాగా పని చెప్పేవి, వండమనేవి, స్నానం చేయమనేవి. మీ తమ్ముడికి తాతయ్య చెప్పేది అచ్చం అదే. కాబట్టి ఇది మీ ఇంట్లోనే జరుగుతున్న వింత కాదు. మన దగ్గర ఈ జబ్బు ఇలాంటి రూపంలోనూ కనిపిస్తుంది.

అందుకే మొదట్లో అక్కడ ఆగిపోయానన్నాను. రోజంతా తిట్టే రెండు గొంతుల మధ్య ఒక గొంతు "అన్నం తినరా" అంటోంది. మంచి సైకాలజిస్ట్ దొరికితే ఆ గొంతుని తరిమేయాలని తొందరపడడు. "తాతయ్య ఉంటే ఆ ఇద్దరికీ ఏం సమాధానం చెప్పేవాడు?" అని అడుగుతాడు. తనను ప్రేమించిన మనిషి తన గురించి ఏమనుకునేవాడో గుర్తు తెచ్చుకోవడం, "పనికిరాడు" అనే మాటకి అతని దగ్గర దొరికే గట్టి జవాబు. దీన్ని మీరు ఇంట్లో ప్రయత్నించకండి, చికిత్స చేసేవాళ్లకు మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇంట్లో మీరు చేయగలిగిన పని వేరే ఉంది. మొత్తం ఉత్తరంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది నాన్నగారి తిట్లు. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు 1950ల నుంచి, ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన ఇలాంటివాళ్లను గమనించాడు. ఇంట్లో ఎత్తిపొడుపులు, కోపం, లేదా ఊపిరి ఆడనివ్వనంత అతిజాగ్రత్త ఉన్నచోట జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో అదే కనిపించింది. చండీగఢ్‌లో చూసినప్పుడు మన కుటుంబాల్లో అలాంటి మాటలు పాశ్చాత్య దేశాల కన్నా తక్కువని తేలింది. మనకున్న బలం అది. ఇంట్లోవాళ్ల వల్ల జబ్బు వచ్చిందని దీని అర్థం కాదు. అలా ఎవరైనా అంటే నమ్మకండి. వచ్చిన జబ్బు మళ్లీ మళ్లీ లేవడంలో ఇంటి వాతావరణానికి పాత్ర ఉంది, అంతే.

మంచం దిగకపోవడం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా జబ్బు లక్షణాలే. వీటిమీద మందులు పెద్దగా పనిచేయవు, క్లోజపిన్ వల్ల వచ్చే మత్తు పైపెచ్చు. నాన్నగారికి ఇది డాక్టర్ నోటితో చెప్పించండి. మీరు చెప్తే తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నారనుకుంటారు. ఆయన కోపం వెనక భయం ఉంది. "నేను పోయాక వీణ్ని ఎవరు చూస్తారు" అన్న భయం. ఆ మాట ఆయనతో అనిపించగలిగితే తిట్లు సగం తగ్గుతాయి.

"ఎప్పుడూ పడుకునే ఉంటావు" అనే బదులు "నాలుగింటికి నాతో టీ తాగుదువు రా" అని ఒక చిన్న పని, ఒక వేళ చెప్పండి. "ఎవరూ లేరురా అక్కడ" అనే బదులు "నాకు వినిపించడం లేదు కానీ, నీకు వినిపిస్తోందని నమ్ముతున్నాను. భయంగా ఉందా?" అనండి. ఈ ఒక్క వాక్యం నేర్చుకోవడానికి కొన్ని కుటుంబాలకు ఏడాది పట్టడం చూశాను. గొంతు ఉందని ఒప్పుకోనక్కర్లేదు, లేదని వాదించనూ అక్కర్లేదు. భయం నిజం కదా, దాని దగ్గర కూర్చోండి.

చికిత్స ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. కష్టమే, దాచను. మన రెండు రాష్ట్రాల్లో ఈ జబ్బుకి మాటల చికిత్స తెలిసినవాళ్లు తక్కువ. సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ అర్హులు కారు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడిగి చూసుకోవచ్చు. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో విచారించండి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి ఒకసారి తీసుకెళ్లి మొత్తం పరిస్థితి చూపించడం కూడా మంచిదే. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబర్ 14416, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. డబ్బు ఇవ్వక్కర్లేదు. మొదటిసారి కలిసినప్పుడు "గొంతులు వినిపించేవాళ్లతో మీరు ఇంతకుముందు పనిచేశారా? మా డాక్టర్‌గారితో మాట్లాడతారా?" అని నేరుగా అడగండి. మందు ఆపమన్నా, హిప్నోటిజంతో పోగొడతానన్నా, పది రోజుల్లో నయం చేస్తానన్నా లేచి వచ్చేయండి.

అలాంటివాళ్లు దొరక్కపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. తమిళనాడులో, గోవాలో, మహారాష్ట్రలోని సతారాలో 282 మందితో చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. స్థానికంగా ఉండే మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఇళ్లకు పంపి, కుటుంబంతో కూర్చోబెట్టారు. జబ్బు గురించి చెప్పడం, మందు మానకుండా చూడటం, చిన్న చిన్న పనుల్లోకి దించడం. ఆస్పత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ల కన్నా వీళ్ల పరిస్థితి కొంత మెరుగైంది. కొంతే, కానీ పల్లెల్లో ఉన్నవాళ్లకు ఆ కొంత చాలా విలువైంది. మీ ఊళ్లో తమ్ముడికి చిన్నప్పటి స్నేహితుడు ఎవరైనా ఉంటే, వారానికి ఒక సాయంత్రం వచ్చి కూర్చోమనండి. జబ్బు గురించి మాట్లాడక్కర్లేదు. క్రికెట్ గురించి మాట్లాడినా చాలు.

ఆ ఇద్దరు మగవాళ్లు ఎప్పుడైనా "చచ్చిపో" అనో, "వాణ్ని కొట్టు" అనో చెప్తున్నారా అని తమ్ముణ్ని అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అక్కడ మాటల చికిత్స కోసం ఆగకూడదు. ఆత్మహత్య ఆలోచనలను తగ్గించడంలో క్లోజపిన్‌కి ప్రత్యేకమైన బలం ఉంది. దాన్ని ఆపకండని మొదట్లోనే అంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం. ఇవేవీ చాలకపోతే క్లోజపిన్‌తో పాటు ఈసీటీ ఇచ్చే దారి ఉంది. షాక్ ట్రీట్‌మెంట్ అనగానే సినిమాల్లో చూసినది గుర్తొస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మత్తు ఇవ్వకుండా అది చేయకూడదు. డాక్టర్ ఆ మాట ఎత్తితే భయపడి పారిపోకండి, వివరంగా అడగండి.

దివ్యాంగుల ధ్రువపత్రం గురించి కూడా జిల్లా ఆస్పత్రిలో అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువని తేలితే అతనికి కొన్ని హక్కులొస్తాయి. నాన్నగారి భయానికి అది కొంత జవాబు.

చివరగా మీరు అడిగిన ప్రశ్న. మునుపటిలా మీతో కూర్చుని మాట్లాడతాడా అని. డిగ్రీ చదివే రోజుల్లోని తమ్ముడు అచ్చం అలాగే తిరిగొస్తాడని నేను మాట ఇవ్వలేను. కానీ మీ ఉత్తరంలోనే ఒకటి కనిపించింది. ఆ ఇద్దరు ఏమంటున్నారో, తాతయ్య ఏమంటున్నాడో మీకు తెలుసు. అతను చెప్తేనే కదా తెలిసింది. ఇన్నేళ్లుగా "భ్రమ", "గాలి", "బద్ధకం" అనే మూడు మాటలు విన్నవాడు ఇంకా మీతో చెప్తున్నాడు. అతను మాట్లాడటం ఆపలేదమ్మా. వచ్చే ఆదివారం ఊరెళ్తే, నాన్నగారు చేనుకి వెళ్లాక, అతని గదిలో నేలమీద కూర్చుని "ఈ రోజు తాతయ్య ఏమన్నాడురా?" అని అడగండి. చెప్పేదాకా ఆగండి. చెప్పాక, తాతయ్యతో మీకున్న జ్ఞాపకం ఒకటి మీరూ చెప్పండి.